జింక వేటకు తూటాలు కొనబోతున్న మేనల్లుడికి

శాన్ ఆంటోనియో,
ఆగస్టు 24

చిరంజీవి కిరణ్‌కి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి షాపులోంచి నువ్వు పంపిన ఫోటో చూశాను. అరల నిండా తూటాల పెట్టెలు, కింద నీ ప్రశ్న: "మామయ్యా, ఇందులో ఏది?" ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేస్తే నువ్వూ రెండు రోజుల్లో మర్చిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఏదీ కొనకుండా ఇంటికి వచ్చేశావు చూడు, మంచి పని చేశావు.

తూటాల గురించి చెప్పే ముందు నీకు ఒక సంగతి చెప్పాలి. ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1998 నవంబరు. టెక్సాస్‌లో లానో దగ్గర, వేటకి కౌలుకి తీసుకున్న ఇప్పటి లీజు భూమిలోనే. అప్పటికి మూడేళ్ళుగా .308 రకం తూటా పేల్చే తుపాకీతో వేటాడుతున్నాను, బాగానే ఉంది. లీజులో తోటి వేటగాడు ఒకతను ఇంకా బలమైన తూటా పేల్చే తన .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తుపాకీ చేతిలో పెట్టి, "దీనితో కొడితే ఎక్కడ తగిలినా జింక అక్కడే కూలుతుంది" అన్నాడు. నేను నమ్మాను. పొద్దున లక్ష్యం మీద నాలుగు సార్లు పేల్చేసరికి భుజం కమిలిపోయింది. నాలుగోసారి ట్రిగ్గర్ మీద వేలు పెట్టగానే కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. అప్పుడే ఆపేయాల్సింది. ఆపలేదు.

సాయంత్రం ఐదింటికి ఒక ఆడజింక వచ్చింది. 120 గజాల దూరం, పక్కకి తిరిగి కదలకుండా నిలబడి ఉంది. అంతకన్నా తేలికైన అవకాశం ఉండదు. పేల్చాను. జింక నడుము విల్లులా వంచి, నెమ్మదిగా దేవదారు పొదల్లోకి వెళ్ళిపోయింది. అది నిలబడ్డ చోటికి వెళ్ళి వంగి చూశాను. ఊపిరితిత్తులకి తగిలితే లేత ఎరుపు రంగులో నురగ రక్తం పడుతుంది. అక్కడ నురగ లేదు. నమిలిన గడ్డిలాంటి ఆకుపచ్చ ముద్ద, కడుపులోని వాసన. నాకు అర్థమైపోయింది. రాత్రి పదకొండు దాకా టార్చి పట్టుకుని వెతికాను, దొరకలేదు. తెల్లవారాక కనిపించింది. వెనక భాగం అప్పటికే కయోటీలు, అంటే ఇక్కడి నక్కల్లాంటి జంతువులు, తినేశాయి. అది పోయిన దారిలో మూడు చోట్ల గడ్డి అణిగి, రక్తం గడ్డ కట్టి ఉంది. మూడు చోట్ల పడుకుని మళ్ళీ లేచింది, నేను వెతుకుతున్న చప్పుడు విని.

ఆ తూటా బలం తక్కువై కాదు ఇలా జరిగింది. నేను మోయలేని తూటా అది. అందుకని తూటా ఎంచుకోవడంలో నేను చూసే మొదటి విషయం, పేల్చేటప్పుడు కళ్ళు తెరిచి ఉంచగలమా లేదా అన్నది.

నీ దగ్గర .308 ఉంది కాబట్టి ఆ గొడవ సగం తీరింది. మన ఊళ్ళో పోలీసుల చేతుల్లో చూసిన త్రీ నాట్ త్రీకీ దీనికీ పొంతన లేదు, అది వేరే తూటా. ఇది 1952లో విన్‌చెస్టర్ వాళ్ళు తెచ్చింది. అంతకుముందు నుంచీ .30-06 ఉంది, 1906 నాటిది; .270 ఉంది, 1925 నాటిది. మీ కుర్రాళ్ళందరూ ఎగబడుతున్న 6.5 క్రీడ్‌మోర్ 2007లో వచ్చింది. వీటిలో దేనితోనైనా టెక్సాస్ జింక పడుతుంది. మన హిల్ కంట్రీ కొండ ప్రాంతంలో ఆడజింక 45 కిలోలు అటూ ఇటూ తూగుతుంది, అంతే. విస్కాన్సిన్ జింకల్లా భారీవి కావు ఇవి. మనం దాక్కుని కాపేసే కొయ్య గుడిసెలోంచి, జింకల కోసం మొక్కజొన్న చల్లే ఫీడర్ దాకా కొలిస్తే 110 గజాలు. ఆ దూరానికి ఏ తూటా గొప్పదని వాదించుకోవడం పొద్దుపోవడానికి పనికొస్తుంది గానీ వేటకి పనికిరాదు. కోడలు కూడా వస్తానంటోందన్నావు. తనకి మాత్రం .243 గానీ 7 ఎంఎం-08 గానీ ఇద్దాం. రెండూ నీ .308 తూటా గొట్టాన్నే మార్చి చేసినవి. భుజానికి తన్ను తక్కువ.

ఇక అసలు విషయం, తూటా మూతిన ఉండే బుల్లెట్. షాపులో నిన్ను తికమక పెట్టింది ఇదే. పెట్టె మీద .308 అని పెద్దగా, కింద 150 గ్రెయిన్లు, 165, 180 అని చిన్నగా రాసి ఉంటుంది. గ్రెయిన్ అంటే బరువు, పౌనుకి 7000. 150 గ్రెయిన్లంటే తొమ్మిదిన్నర గ్రాముల పైచిలుకు, మన లెక్కలో తులానికి కాస్త తక్కువ. మన జింకలకి 150 చాలు. 180 కొనమని ఎవరైనా చెబితే వాళ్ళు ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకి వెళ్ళే మనుషులై ఉంటారు.

బరువు కన్నా ముఖ్యం, ఆ బుల్లెట్ లోపలికి వెళ్ళాక ఏమవుతుందన్నది. ఫుల్ మెటల్ జాకెట్ అని రాసి ఉన్నది చవగ్గా దొరుకుతుంది. దాన్ని జింక మీద ఎప్పుడూ వాడకు. సీసం మొత్తం రాగి తొడుగులో మూసి ఉంటుంది కాబట్టి విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోతుంది. జింక చాలా దూరం పరిగెత్తి ఎక్కడో పొదల్లో చస్తుంది. చాలా రాష్ట్రాల్లో జింక వేటకి అది నిషేధం కూడా. వేట బుల్లెట్ మూతి తెరిచి ఉంటుంది. లోపలికి వెళ్ళగానే పుట్టగొడుగులా విచ్చుకుని, రెండింతలకి దగ్గరగా వెడల్పై, ఊపిరితిత్తుల్ని చీల్చి రెండో వైపు నుంచి బయటికి రావాలి. రెండు రంధ్రాలుంటే రక్తం జాడ దొరుకుతుంది.

విచ్చుకోవడంలో కూడా తేడాలున్నాయి. కొన్ని మరీ తొందరగా పగిలిపోతాయి. దగ్గర్నుంచి కొడితే జబ్బ పైనే ముక్కలైపోయి లోపలికి దిగవు, మాంసమంతా నెత్తురుగడ్డ అయిపోతుంది. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే భారీ దుప్పిని కొడితే, దాని ఒంటి మీద పట్టిన ఎండు బురదలోనే బుల్లెట్లు చిట్లిపోయి లోపలికి దిగలేదు. ఆ దుగ్ధతోనే ఆయన బుల్లెట్ మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం గట్టిగా ఉండి తోసుకుంటూ పోతుంది. పార్టిషన్ అంటారు దాన్ని, ఇప్పటికీ చేస్తున్నారు. మన చిన్న జింకలకి అంత అవసరం లేదు. రెమింగ్టన్ వాళ్ళ కోర్-లాక్ట్ 1939 నుంచీ ఉంది, ఫెడరల్ పవర్-షాక్ ఉంది, విన్‌చెస్టర్ పవర్-పాయింట్ ఉంది. మూతిన మెత్తని సీసం బయటికి కనిపించే మామూలు సాఫ్ట్ పాయింట్లే, ఆ అరలో అన్నిటికన్నా చవక. నేను ఏళ్ళ తరబడి అవే వాడాను, ఒక్క జింక కూడా వంద గజాలు దాటి పోలేదు.

అయినా ఇప్పుడు వాడటం లేదు. ఎందుకో చెబుతాను, ఇది నీ ఇంటికి సంబంధించిన సంగతి.

సీసం బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనిపించనంత చిన్న ముక్కలు మాంసంలోకి చెదిరిపోతాయి. గాయం చుట్టూ కోసి పారేశాం కదా అనుకుంటాం. ఎక్స్‌రే తీస్తే గాయానికి చాలా దూరంగా, మంచి మాంసంలో కూడా ఉంటాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకి పంచడానికి దానమిచ్చిన జింక మాంసంలో ఇవి బయటపడ్డాయి. సీసం బుల్లెట్‌తో కొట్టిన మాంసం గర్భిణులూ ఆరేళ్ళలోపు పిల్లలూ తినొద్దని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ చెప్పింది. మన చిట్టితల్లికి నాలుగేళ్ళు. ఆ ఖీమా ఉండలు చేసి దాని నోట్లో పెట్టేది మనమే. ఆ వార్త చదివిన ఏడాదే నేను పూర్తి రాగి బుల్లెట్లకి మారిపోయాను.

ఇంకో కారణం కూడా ఉంది. వేటగాడు అడవిలో వదిలేసిన పేగుల కుప్పల్ని గద్దలూ రాబందులూ తింటాయి, ఆ సీసం వాటి ఒంట్లోకి పోతుంది. కాలిఫోర్నియాలో కాండర్లనే పెద్ద రాబందుల్ని అలా పోగొట్టుకుని, చివరికి 2019 జులై 1 నుంచి వేట మొత్తానికీ సీసం నిషేధించారు. మన దేశంలో పశువులకి వేసిన డైక్లోఫెనాక్ మందుతో రాబందులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో చూశాం కదా. చిన్నప్పుడు మా ఊరి చివర చింతచెట్ల మీద గుంపులుగా ఉండేవి, మీ అమ్మకి కూడా గుర్తుండే ఉంటుంది. టెక్సాస్‌లో చట్టం అడగకపోయినా నేను రాగే వాడతాను.

రాగి బుల్లెట్ కొనేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకో. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడవవుతుంది. పైగా విచ్చుకోవాలంటే దానికి వేగం కావాలి. అందుకని ఒక మెట్టు తక్కువ బరువు తీసుకో. .308లో 130 గానీ 150 గానీ. 165 వద్దు. బార్న్స్ వాళ్ళవి, హోర్నడీ వాళ్ళవి, ఫెడరల్ వాళ్ళవి దొరుకుతాయి. ధర ఎక్కువే. కానీ ఏడాదికి రెండు జింకలు కొట్టే మనిషికి ఇరవై తూటాల పెట్టె ఎన్నాళ్ళొస్తుందో నువ్వే లెక్క వేసుకో.

ఒకేసారి పది పెట్టెలు కొనకు. ప్రతి తుపాకీకీ ఒక నోరుంటుంది, దానికి నచ్చిందే తింటుంది. నా తుపాకీలో అంగుళంలోపు మూడు రంధ్రాలు పెట్టే తూటా నీ దాంట్లో నాలుగంగుళాలు చెదరగొట్టొచ్చు. మూడు నాలుగు రకాలు ఒక్కో పెట్టె తీసుకుందాం. వంద గజాల్లో ఒక్కో రకం మూడేసి చొప్పున పేల్చి, బ్యారెల్ చల్లారనిచ్చి, మళ్ళీ మూడు. ఏది దగ్గరగా గుంపు కడితే అది. అప్పుడు పెట్టె మీద ఉన్న లాట్ నంబరు, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు చూసి, అదే నంబరువి ఇంకో మూడు కొనుక్కో. మరుసటేడు అదే పేరుతో వేరే లాట్ కొంటే మళ్ళీ కాగితం మీద చూసుకోవాలి.

జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిదంగుళాలు ఉంటుంది, చిన్న కాగితం పళ్ళెమంత. వంద గజాలకి గురి సరిపెట్టిన 150 గ్రెయిన్ల .308 బుల్లెట్ రెండు వందల గజాలకి సుమారు నాలుగంగుళాలు, మూడు వందలకి పద్నాలుగు పదిహేనంగుళాలు కిందకి దిగుతుంది. ఈ ఏడాది నీకు నూట యాభై గజాలే హద్దు. మోచేతులు ఆనించి పళ్ళెంలో ఐదుకి ఐదు పడేదాకా అది కూడా కాదు. ముందు కాలి పైభాగానికి వెనగ్గా, పొట్ట నుంచి మూడో వంతు ఎత్తున కొట్టాలి. ఎదురుగా నిలబడితే కొట్టొద్దు. పక్కకి తిరిగేదాకా ఆగు. తిరక్కపోతే పోనీ.

తుపాకీలో నాకు తెలియకుండా నువ్వూ, నీకు తెలియకుండా నేనూ ఉత్తుత్తి తూటా కలిపి పెడదాం. పేలని చోట మూతి కిందకి వంగితే భయం ఉన్నట్టు. ఆ భయం పోయేదాకా మనం గుడిసె ఎక్కం.

జాగ్రత్త విషయంలో మాత్రం నేను మొహమాటపడను. తూటా అడుగున చెక్కిన పేరూ, బ్యారెల్ మీద చెక్కిన పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటి కావాలి. లీజులో అడవి పందుల కోసం కొందరు .300 బ్లాకవుట్ వాడతారు, ఇంకొందరు .223. చూడ్డానికి ఒకేలాంటి తుపాకులు. బ్లాకవుట్ తూటా .223లో పడి పేలితే తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది. బల్ల మీద ఒక్క రకం తూటాలే ఉండాలి, మిగతావి కారులో ఉండాలి.

నీ స్నేహితుడు హెచ్-1బి మీద ఉన్నాడు, తనూ వస్తానంటున్నాడన్నావు. నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ఇబ్బంది లేదు. వీసా మీద ఉన్నవాళ్ళకి తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర ఉండకూడదంటుంది ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ముందు లాయర్‌ని అడిగి, లైసెన్స్ చేతికొచ్చాకే రమ్మను. అప్పటిదాకా ఒక్క తూటా కూడా జేబులో వేసుకోవద్దని చెప్పు. నువ్వు కూడా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ముగించు. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకి అది తప్పనిసరి. కొత్త లైసెన్స్ సెప్టెంబరు 1 నుంచి నడుస్తుంది.

వేటకి తీసుకెళ్ళే సంచి వేటకే ఉంచు. దాన్ని హైదరాబాద్ ప్రయాణానికి వాడకు. లోపలి జేబులో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, నీ సెలవులన్నీ స్టేషన్ చుట్టూ తిరగడానికే సరిపోతాయి. ఖాళీ గొట్టం జ్ఞాపకార్థం తీసుకెళ్ళడం కూడా వద్దు. అక్కడ వేటని అడ్డుకునే వన్యప్రాణుల చట్టం 1972 నుంచీ ఉంది. ఇక్కడి ఫోటోలు ఊళ్ళో బంధువులకి చూపించి వాళ్ళకి లేనిపోని ఉబలాటం పుట్టించకు.

నవంబరు మొదటి శనివారం సీజన్ మొదలు. అక్టోబరు మొదటి శనివారం పొద్దున్నే ఏడింటికల్లా ఇక్కడికి వచ్చేయి. రెండు రకాల రాగి తూటాలు నేను తీసి ఉంచుతాను, నువ్వు ఇంకో రెండు రకాలు తీసుకురా. కాగితం పళ్ళేలు ఒక కట్ట, నల్ల మార్కర్ ఒకటి. చెవులకి పెట్టుకునేవి నీకూ కోడలికీ కొత్తవి కొనుక్కో, నా దగ్గర ఉన్నవాటికి రబ్బరు పోయింది. అత్తయ్య మధ్యాహ్నానికి పులిహోర కట్టిస్తానంది.

మీ మామయ్య