వేటకత్తా, ఏటకత్తా?

సందేహం: మాది రాజాం దగ్గర పల్లెటూరు. మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. అక్కడ లైసెన్సు తీసుకుని సీజన్లో జింకల వేటకి వెళ్తాడు. తను సొంతంగా చేసుకున్న మూడు కత్తుల గురించి ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశాడు. దాన్ని తెలుగు చేసి 'నా ఇంటి తయారీ అభిమాన వేటకత్తులు' అని పేరు పెట్టాను. మా ఆవిడ చదివి "వీడు ఎవర్ని నరికాడండీ?" అంది. 'పాత ఫైలుతో చేసిన కత్తి' అన్నచోట మరీ నవ్వింది. నేను ఎక్కడ తప్పాను?

సమాధానం: మీ ఆవిడ చెవి మంచిది. వ్యాకరణం ప్రకారం మీ మాటకి ఢోకా లేదు. వేట కొరకు కత్తి వేటకత్తి. కానీ ఆ మాటలో అప్పటికే ఎవరో కాపురం ఉంటున్నారు. పేపర్లో 'వేటకత్తులతో దాడి' అని చదివీ చదివీ మనకి ఆ మాట వినగానే మూరెడు కత్తి కళ్ల ముందు ఆడుతుంది. అక్కడ 'వేట' అర్థం కన్నా 'వేటు' అర్థమే ఎక్కువ పనిచేస్తోందని నా అభిప్రాయం.

మీ మేనల్లుడి కత్తి అది కాదు. జింకని చంపేది తుపాకి. ఈ కత్తి పని ఆ తర్వాత మొదలవుతుంది: పొట్ట చీల్చి పేగులు తీయడం, తోలు ఒలవడం. దానికి నాలుగంగుళాల అలుగు, అంటే పిడి కాకుండా కోసే భాగం, సరిపోతుంది. అమెరికాలో బాబ్ లవ్‌లెస్ అనే కత్తుల పనివాడు బాగా ప్రచారంలోకి తెచ్చిన 'డ్రాప్ పాయింట్' రకంలో మొన కత్తి మొద్దువైపు నుంచి కొంచెం కిందికి వాలి ఉంటుంది. పొట్ట చీల్చేటప్పుడు మొన పేగుల్లో దిగబడి మాంసం పాడవకుండా ఆ ఏర్పాటు. ఇంత నాజూకు పనిముట్టుని వేటకత్తి అంటే ఎవరైనా భయపడతారు మరి.

ఇంకో చిక్కు మన జిల్లాలది. కళింగపట్నంలోనో భావనపాడులోనో 'వేటకెళ్లాడు' అంటే సముద్రం మీదికి వెళ్లాడనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు 'వేట నిషేధం' అంటే అడవి మాట ఎవరికీ గుర్తుకి రాదు. ఊళ్లోకి వస్తే 'వేట మాంసం'. దుకాణం బోర్డు మీద అలా రాసినా, లోపల అమ్మేది అడవి జంతువుది కాదు, పెంచిన మేకదీ గొర్రెదీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి జంతువు మాంసానికి బోర్డు పెట్టే ధైర్యం ఎవరికుంది?

మరి ఆ 'వేట' ఎక్కడిది? అసలు మాట ఏట. నిఘంటువుల్లో ఏట అంటే పొట్టేలు. ఏడిక కూడా దాని చుట్టమే. తమిళుల ఆడు, తెలంగాణ వాళ్ల యాట అదే కుటుంబం. మన దగ్గర 'వెళ్లు'ని ఎల్లు, 'విను'ని ఇను అంటాం కదా. చదువుకున్నవాడికి 'ఏట' కూడా అలా వకారం పోయిన పల్లెమాటలాగే వినబడింది. దిద్దుదామని ముందో 'వ' తగిలించాడు. ఒప్పుని తప్పనుకుని దిద్దితే పుట్టిన తప్పు ఇది. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి వాడుకభాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తిగారి గడ్డ మీదే ఈ దిద్దుబాటు జరగడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. అమ్మవారి పండక్కి 'ఏటనేసినారు' అనే ముసలమ్మ మాట నిఘంటువుకి దగ్గర, బోర్డు మాట దూరం. కాబట్టి ఏట మాంసం కొట్టే కత్తి ఏటకత్తి. మీ మేనల్లుడిది అదీ కాదు.

ఏమనాలి మరి? చిన్నప్పుడు మా ఊరి కొలిమి దగ్గర ఏదో కత్తి పేరు అడిగితే కమ్మరి తాత అన్న మాట ఇంకా గుర్తుంది: "పేరేటి బాబూ, దేనికో సెప్పు." తెలుగులో కత్తి పేర్లు చాలావరకు ఇలాగే పని చెబుతాయి, లేదా పట్టేవాణ్ణి చెబుతాయి. మంగలి కత్తి, బొండాల కత్తి చూడండి. మన ఆయుధాల చట్టం కూడా ఒక పక్క ఇదే అడుగుతుంది. అలుగు 9 అంగుళాల కన్నా పొడుగో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తిని ఆయుధాల జాబితాలో చేర్చి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటిని మినహాయించింది. మీరు 'తోలు ఒలిచే కత్తి' అనండి. వేట మాట ఉండి తీరాలంటే 'వేటకి పట్టుకెళ్లే చిన్న కత్తి'. పొడుగైందని బెంగ వద్దు, తప్పుగా అర్థం కాదు.

'ఇంటి తయారీ' అంటే ఆవకాయ వాసన వస్తుంది. 'నాటు' అందామంటే నాటు తుపాకి, నాటు సారా పక్కన కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ఇనుముకి మన క్రియ 'కొట్టు'. కొడవలి కొట్టించుకుంటాం, తయారు చేయించుకోం. అయితే మీరు పంపిన పేరాలు చూస్తే అతను సమ్మెట పట్టలేదు. అరిగిపోయిన ఫైలుని కాల్చి మెత్తబరిచి, అరగదీసి ఆకారం తెచ్చాడు. కొట్టాడంటే అబద్ధం. 'నేను చేసుకున్న' చాలు.

'అభిమాన' సినిమా హీరోకి వదిలేయండి. పనిముట్టు మీద మనకి అభిమానం ఉండదు, అలవాటు ఉంటుంది. 'చేతికి అలవాటైన కత్తి' అనండి. చేతివాటం అనే చక్కటి మాట ఉండేది. ఇప్పుడది దొంగతనాల వార్తల పాలైంది.

ఇక ఫైలు. ఆఫీసు కాగితాలతో కత్తి ఎలా చేశాడా అని నేనూ ఒక్క క్షణం ఆగాను. ఇనుముని అరగదీసే పనిముట్టుకి మన మాట ఆకురాయి. ఉక్కే అయినా పేరు మాత్రం రాయి.

మీ అనువాదంలో 'మళ్లీ కాల్చి నూనెలో ముంచి గట్టిదనం తెచ్చి, తర్వాత 200 డిగ్రీల దగ్గర వేడిచేసి పెళుసుతనం తగ్గించాడు' అని ఉంది. దీనంతటికీ కొలిమిలో ఒక్క మాట ఉంది: పదును పెట్టడం. ఇప్పుడు మనం పదును అంటే అంచు వాడి అనే అనుకుంటున్నాం. పొలంలో 'పదునుంది, దున్నొచ్చు' అనే రైతుని అడగండి. తడి ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా నేల పనికి వచ్చిన స్థితి అది. అదునూ పదునూ అనే జంటలో ఉన్నదీ అదే. ఉక్కుకీ అంతే. చాలకపోతే అంచు వంగుతుంది, మించితే గాజులా విరుగుతుంది. రెంటికీ నడుమ చిక్కిందే పదును. సానరాయి మీద చేసేది నూరడం, అది తర్వాతి సంగతి. మీ వ్యాసంలో రెండుచోట్లా పదునే వాడారు, రెండోచోట 'నూరాడు' అని మార్చండి.

వీపున పళ్లున్న మూడో కత్తికి 'రంపం లాంటి' అని తంటాలు పడక్కర్లేదు. కక్కు కొడవలి మనకి ఉన్నదే, దీన్ని కక్కులున్న కత్తి అనండి.

తోలు 'కవర్' కూడా తీసేయండి. అది ఒర. కత్తులు మూడన్నారు కాబట్టి ఒరలూ మూడు రాయండి, సామెత సంగతి మీకు తెలిసిందే.