ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్ పిల్లలకి చూపించొచ్చా? చూపించండి, కానీ ఆ జీతం సంగతి మీరే చెప్పాలి

మీ పాపకి ఏడేళ్లని, మోషే కథ మీద వచ్చిన ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్ చూపించొచ్చా, అది బైబిల్లో ఉన్నట్టే ఉంటుందా అని అడిగారు. చూపించొచ్చు. ఉన్నట్టే మాత్రం ఉండదు. ఆ మాట సినిమావాళ్లే మొదట్లో తెర మీద వేస్తారు, కథలో కొంత స్వేచ్ఛ తీసుకున్నాం, అసలు కథ బైబిల్లోని రెండో పుస్తకం నిర్గమకాండంలో ఉంది అని.

మేం బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఉంటాం. మా తెలుగు క్రైస్తవ సహవాసానికి సొంత గుడి లేదు, ఆదివారాలు ఒక స్కూల్ హాలు అద్దెకు తీసుకుంటాం, సండే స్కూల్ నేను చూస్తాను. మా పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బళ్లో ఇంగ్లీషు. తెలుగు బైబిల్ చేతికిచ్చి చదవమంటే నీళ్లు నములుతారు. రెండేళ్ల కిందట మే నెలలో వీబీఎస్‌కి, అంటే పిల్లల వేసవి బైబిల్ తరగతులకి, నిర్గమకాండం ఇచ్చారు. మోషే తనకి నోటి మాంద్యం, నాలుక మాంద్యం ఉన్నాయని దేవుడితో మొరపెట్టుకునే చోటుకి వచ్చేసరికి "మాంద్యం అంటే ఏంటి ఆంటీ" అని ఒకడు, "నత్తి రా" అని ఇంకొకడు, అక్కడి నుంచి మొత్తం గోల. సరేలే అని మర్నాడు ప్రొజెక్టర్ తెచ్చి ఈ సినిమా వేశాను. గుళ్లో సినిమా ఏంటమ్మా అని ఒక పెద్దాయన గొణిగారు గానీ, చివరిదాకా కుర్చీలోంచి కదలకుండా చూసింది ఆయనే.

ముందు భయం సంగతి. 1998లో వచ్చిన బొమ్మల సినిమా, గంటా నలభై నిమిషాలు, పాటలున్నాయి, అందులో ఒకదానికి ఆస్కార్ కూడా వచ్చింది. అలాగని పాపని టీవీ ముందు కూర్చోబెట్టి మీరు వంటింట్లోకి వెళ్లిపోకండి. మోషేకి ఒక కల వస్తుంది, గోడ మీద చెక్కిన బొమ్మలన్నీ కదిలి, సైనికులు పసిపిల్లల్ని మొసళ్లకి వేసేస్తుంటారు. ఐగుప్తు, అంటే ఈజిప్టు, వాళ్ల తొలిచూలు పిల్లలు చనిపోయే రాత్రి ఇంకా కష్టం. రక్తం ఉండదు, అరుపులుండవు, తెల్లటి పొగలాంటి వెలుగొకటి ఊపిరి పీల్చిన చప్పుడుతో ఇళ్లలోకి వెళ్లి వస్తుంది, అంతే. హాల్లో చిన్నపిల్లలు ఇద్దరు లేచొచ్చి నా ఒళ్లో కూర్చున్నారు. అదే పిల్లలు ఎర్ర సముద్రం పాయలైనప్పుడు నీటి గోడలో పెద్ద చేప నీడ కనపడితే "షార్క్, షార్క్" అని కుర్చీలెక్కారనుకోండి.

ఇక మార్పులు. హెబ్రీ బానిసల మగపిల్లల్ని నదిలో పారేయమని ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞ ఇస్తే, తల్లి పసి మోషేని జమ్ముపెట్టెలో పెట్టి నదిలో ఉంచుతుంది. బైబిల్లో ఆ పెట్టె దొరికేది ఫరో కూతురికి, సినిమాలో రాణికి. రాణి ఎత్తుకుంటేనే కదా మోషే, ఆమె కొడుకు రామెసేసు (తర్వాత ఫరో అయ్యేది ఇతనే) అన్నదమ్ముల్లా పెరిగేది, సినిమా మొత్తం ఆ ఇద్దరి మీదే నడుస్తుంది. బైబిల్లో అయితే ఆ ఫరోకి పేరే లేదు. అన్నదమ్ములు ఎదురెదురుగా నిలబడటం 1956 నాటి టెన్ కమాండ్‌మెంట్స్‌లోనూ ఉంది, అదైతే మూడున్నర గంటల పైనే, ఏడేళ్ల పిల్లకి వద్దు. ఇంకోటి, ఫరో ముందు నిలబడేనాటికి మోషేకి ఎనభై ఏళ్లు, సినిమాలో కుర్రాడే.

నేను ఇరుక్కుపోయింది, హెబ్రీయుణ్ణి కొడుతున్న ఐగుప్తీయుణ్ణి మోషే చంపే దగ్గర. సినిమాలో మోషే ఆపబోతే వాడు పైనుంచి కింద పడిపోతాడు, పొరపాటున జరిగినట్టు. ఒక పిల్ల అడిగితే నేనూ అవునమ్మా పొరపాటే అనేశాను. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఫోన్ తీసి రెండో అధ్యాయం పైకి చదివాడు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, చంపి, ఇసుకలో పూడ్చిపెట్టాడట. నాకు నోట మాట రాలేదు. పదేళ్లుగా చెప్తున్న కథ, ఒక్క గంట సినిమా చూసేసరికి నేనే మర్చిపోయాను.

కానీ అసలు లోటు పట్టుకున్నది మా అమ్మ. బాపట్ల దగ్గర పల్లె నుంచి ఆ నెల మా ఇంటికి వచ్చి ఉంది, వెనక బెంచీలో కూర్చుని చూసింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, బొమ్మలు చూస్తూ కథ అంతా పట్టేసింది. అయిపోయాక "బాగానే ఉందిగానీ, పాలిచ్చిన తల్లేదే?" అంది.

బైబిల్లో దూరంగా నిలబడి పెట్టెని కనిపెట్టుకుని ఉన్న అక్క, ఫరో కూతురి దగ్గరికి పోయి దాదిని పిలుచుకు రానా అని అడుగుతుంది. పిలుచుకొచ్చేది కన్నతల్లినే. ఈ బిడ్డకి పాలివ్వు, జీతం ఇస్తానంటుంది రాజకుమారి. ఈ కథ మా అమ్మ నాకు వందసార్లు చెప్పి ఉంటుంది, ప్రతిసారీ ఆ జీతం దగ్గర ఆగి నవ్వేది. పిల్లాణ్ణి నదిలో పారేయమన్నది ఎవరు, ఆ పిల్లాడికి పాలిచ్చినందుకు జీతం వచ్చింది ఎవరింటి నుంచి అని. సినిమాలో తల్లి జోలపాట పాడి పెట్టె నీళ్లలో వదిలేస్తుంది (ఆ పాట మాత్రం గుండె పిండేస్తుంది), ఆ తర్వాత ఆమె ఇక లేదు. కావాలనే తీసేసి ఉంటారని నా అనుమానం. తల్లి దగ్గరే పాలు తాగి పెరిగితే తానెవరో మోషేకి తెలియకుండా ఎలా ఉంటుంది? అది తెలియకపోవడం మీదే కదా వాళ్ల సగం సినిమా. అలాగే ఫరోకి చక్కగా కథ చెప్పి మగపిల్లల్ని బతికించిన మంత్రసానులు షిఫ్రా, పూయా కూడా లేరు. ముగ్గురు దర్శకుల్లో ఒకరు మహిళే మరి, ఏం చేస్తాం.

నేనిప్పుడు ఏం చేస్తున్నానంటే, సినిమాకి ముందు రోజు మొదటి రెండు అధ్యాయాలు నోటితోనే చెప్పేస్తాను, పుస్తకం తియ్యను. మంత్రసానుల దగ్గర ఎలాగూ నవ్వుతారు. ఈ మే నెలలో జీతం దగ్గరికి రాగానే ఆరేళ్ల పిల్ల లేచి "ఎంత ఇచ్చారు ఆంటీ?" అంది. బైబిల్లో రాయలేదమ్మా అన్నాను. సాయంత్రం ఫోన్‌లో అమ్మకి చెప్తే, "అడిగినంతా ఇచ్చి ఉంటుందిలే, పిల్లాడు వేరేవాళ్ల దగ్గర పాలు తాగి ఉండడు" అంది.