అనంతపురం కరువులో ఆడవాళ్ళ కష్టాన్ని మ్యాప్ మీద చూపించాలంటే డేటా ఎక్కడ దొరుకుతుంది?

మ్యాప్‌లు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకున్నానని, అనంతపురం కరువు ఆడవాళ్ళ మీద ఎంత భారం వేస్తుందో మండలాలవారీగా మ్యాప్ చెయ్యాలని అడిగారు. ఈ జిల్లా ఊళ్ళలో ఇలాంటి పని చేశాను కాబట్టి రాస్తున్నాను.

మండలం దగ్గర ఆగకండి, ఊరి దాకా దిగండి. వానల లెక్క సులువు. ఉపగ్రహాల సాయంతో వేసిన వానల లెక్క చిర్ప్స్, 1981 నుంచి డేటా ఉచితంగా దొరుకుతుంది. పంట పచ్చదనానికి సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటోలు చాలు, 10 మీటర్ల ముక్క దాకా విడిగా కనిపిస్తుంది. చెనక్కాయ చేను ఎక్కడ ఎండిందో వీటిలో తెలుస్తుంది. ఎండాక ఆ ఇంట్లో ఎవరి మీద ఏ బరువు పడిందో ఇవి చెప్పలేవు.

2011 జనాభా లెక్కల్లో ఆడవాళ్ళ అక్షరాస్యత, వ్యవసాయ కూలీలు, ఏడాదిలో ఆరు నెలల లోపే పని దొరికినవాళ్ళు ఊరివారీగా ఉంటారు. ఆ పట్టికను మ్యాప్‌కి కలిపేటప్పుడు ఊరి పేరుతో కాదు, ప్రతి ఊరికీ జనాభా లెక్కల్లో ఇచ్చిన నంబరు, అంటే సెన్సస్ కోడ్‌తో కలపండి. ఇంగ్లీషులో ఊళ్ళ పేర్లు ఒక్కోచోట ఒక్కో రకంగా రాసుంటాయి. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది, పాత పట్టికలో అంతా అనంతపురమే.

అసలు పని ఇక్కడి నుంచే. ఒక ఊళ్ళో బోరు చుట్టూ 500 మీటర్ల దూరం దాకా వలయం (బఫర్) గీస్తే ఇళ్ళన్నీ అందులో పడ్డాయి. మ్యాప్ ప్రకారం ఆ ఊరికి నీళ్ళ కష్టమే లేదు. డ్వాక్రా సంఘం మీటింగ్ అయ్యాక ముగ్గుపిండితో ఊరు గియ్యమని అడిగితే అక్కలు వేరే సంగతి చెప్పారు. త్రీఫేజ్ కరెంటు ఉన్నప్పుడే మోటార్ ఆడుతుంది, ఆ వేళకి వాళ్ళు కూలికి పోయుంటారు. బోరు ఒకరి చేలో ఉంది, అడిగి పట్టుకోవాలి. కాలనీ ఆడవాళ్ళు అడగలేక చెరువు కట్ట అవతలి బావికి పోతారు. ఆ దారిలో వీధి దీపం లేదు. ఇవేవీ బఫర్‌లో రావు. వాళ్ళ వెంట నడవండి, నడిచిన దారిని ఫోన్ జీపీఎస్‌లో ట్రాక్‌గా రికార్డు చెయ్యండి, ఏ వేళకి పోతున్నారో దానికి ఒక కాలమ్ పెట్టండి.

మగవాళ్ళతో కలిపి కూర్చోబెడితే పటంలో గుడి, చెరువు, పొలాలు వస్తాయి. ఆడవాళ్ళు విడిగా కూర్చుంటేనే కట్టెల దారి, రేషన్ షాపు, చీకట్లో భయపడే మలుపు వస్తాయి. అందుకని విడిగానే అడగండి, ఎంత టైమ్ పట్టినా సరే.

భూమి పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో కూడా అడగండి. భర్త బెంగళూరుకి వలసపోతే సేద్యం భార్యదే, పంట నష్టపరిహారం మాత్రం భర్త ఖాతాలో పడుతుంది. నా లెక్కలో వానలోటు కన్నా ఇదే పెద్ద సూచిక.

ఒంటరి ఆడవాళ్ళ ఇళ్ళను చుక్కలుగా పెట్టి ఎవరికీ పంపకండి. వాళ్ళకి అది ప్రమాదం. వాడవారీగా కలిపి చూపిస్తే చాలు.

వరదల మీద చెయ్యాలనుకుంటే, 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది పక్క ఊళ్ళు మునిగినప్పటికి సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్ డేటా ఉంది, మబ్బులున్నా నీళ్ళు కనిపిస్తాయి. 2009 కర్నూలు వరదకి అది పనికిరాదు, ఆ ఉపగ్రహం 2014లో వెళ్ళింది. అక్కడ మాత్రం గోడల మీద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఇంటింటికీ అడిగి రాసుకోవాల్సిందే.