గారపన్ను లోపల గుల్లను ధ్వనితో కొలవాలంటే

అనంతపురం

అమ్మాయికి ఆశీస్సులు.

ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్ళు తాగి గారపట్టిన పన్నుకు పైపొర గట్టిగానే ఉంటుంది. దాని కిందే ఖనిజం తగ్గి గుల్లబారుతుంది. నువ్వు కొలవాలనుకుంటున్న ఆ లోపలి గుల్లను పట్టడానికి అకౌస్టిక్ మైక్రోస్కోప్, అంటే నీటి తొట్టిలో ధ్వనిని పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీసే పరికరం, సరైన పనిముట్టే. కానీ తెరమీద తెలుపునలుపులు చూసి, ఇక్కడ గట్టి, అక్కడ మెత్తన అని మాత్రం రాసేయొద్దు.

ఎందుకో లెక్క చూడు. ఇంపీడెన్స్ (ధ్వనికి పదార్థం ఇచ్చే అడ్డు, కొలత మెగారేల్) నీటికి 1.5, ఎనామిల్‌కు (పన్ను మీది గట్టి పూత) సుమారు 17, డెంటిన్‌కు (ఆ పూత కింది భాగం) సుమారు 8. ఎనామిల్‌లో 17 కాస్తా 16కి పడిపోతే, అంటే ఆరు శాతం తగ్గితే, తిరిగొచ్చే ప్రతిధ్వనిలో తేడా ఒక్క శాతమే. పన్ను ఒక డిగ్రీ వాలినా, నునుపు చాలకపోయినా అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. డెంటిన్‌లో ఈ పద్ధతి కొంత నయం. ఎనామిల్‌కు మాత్రం ప్రతిధ్వని బలాన్ని కాదు, అది తిరిగొచ్చే కాలాన్నే నమ్ముకో.

దానికి పన్నులోంచి కోసిన పలచని ముక్కను తొట్టి నీళ్ళలో చదునైన గాజుపలక మీద పెట్టు. మూడు ప్రతిధ్వనుల సమయాలు కావాలి: ముక్క లేనిచోట గాజు నుంచి వచ్చేది, ముక్క పైముఖం నుంచి వచ్చేది, అడుగుముఖం నుంచి వచ్చేది. మొదటిదాంట్లోంచి రెండోది తీసెయ్. మూడోదాంట్లోంచీ రెండోది తీసెయ్. మొదటి తేడాను రెండో తేడాతో భాగించి, నీటిలో ధ్వని వేగంతో గుణిస్తే పన్నులో వేగం వస్తుంది. ఎనామిల్‌లో సెకనుకు 6000 మీటర్ల చుట్టుపక్కల, డెంటిన్‌లో 3800 దగ్గర రావాలి. మైక్రోమీటర్‌తో మందం కొలిచే అవసరమే ఉండదు. అది మంచిదే, ఎందుకంటే మిల్లీమీటర్ ముక్కలో 20 మైక్రాన్ల పొరపాటు వేగంలో రెండు శాతం, వేగం వర్గంతో లెక్కగట్టే బిగువులో (వంగకుండా నిలిచే గుణంలో) నాలుగు శాతం తప్పవుతుంది. అయితే ముక్క కింద నీటిపొర మిగిలితే మందం ఎక్కువ చూపిస్తుంది, వేగమూ పెరుగుతుంది. అంచుల దగ్గర ఒత్తిపట్టి పెట్టు.

మందం ఒక మిల్లీమీటర్ ఉంచు. 50 మెగాహెర్ట్జ్ ధ్వనితో ఎనామిల్‌లో రాకపోకలకు 333 నానోసెకన్లు పడుతుంది, రెండు ప్రతిధ్వనులూ విడివిడిగా కనబడతాయి. మరీ పలచన చేస్తే ఒకదానిమీద ఒకటి పడతాయి.

పీకిన పన్ను ఎండకూడదు; ఎండితే డెంటిన్ ముడుచుకుని పగుళ్ళిస్తుంది. 0.1 శాతం థైమాల్ ద్రావణంలో, 4 డిగ్రీల దగ్గర ఉంచు. ఫార్మలిన్ వద్దు, డెంటిన్‌లోని కొలాజెన్ అనే ప్రోటీన్ దారాలను బిగించేస్తుంది. డైమండ్ రంపంతో నీళ్ళు పోస్తూ నిదానంగా కొయ్యి. 600, 1200, 2400 నంబరు గరుకుకాగితాలతో వరుసగా నునుపు చెయ్యి. కోత ఏ దిశలో పోయిందో ప్రతి ముక్కకూ రాసిపెట్టు. ఎనామిల్ కడ్డీలు, డెంటిన్ నాళికలు వేరే దిశలో ఉంటే వేగమూ మారుతుంది. పన్ను ఇచ్చినవాళ్ళ ఒప్పుకోలు, ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకో. ఊరు, వయసు, తాగేనీళ్ళ ఫ్లోరైడ్ అప్పుడే రాసుకో, తర్వాత అడగడం కుదరదు.

తొట్టిలో బోరునీళ్ళు పొయ్యొద్దు. డిస్టిల్డ్ వాటర్ కాచి, మూతపెట్టి చల్లార్చు, బుడగలు పోతాయి. కడప ఎండల్లో మధ్యాహ్నానికి గది ఎంత వేడెక్కుతుందో నీకు తెలుసు. నీటిలో ధ్వని వేగం 25 డిగ్రీలకు సెకనుకు 1497 మీటర్లు, 30కి 1509. ఆ తేడా సూటిగా నీ ఫలితంలోకే దిగుతుంది. తొట్టిలో థర్మామీటర్ వేలాడదీసి ప్రతి స్కాన్‌కూ ముందూ వెనకా అంకె రాసుకో.

మొదట మిల్లీమీటర్ మందపు ఫ్యూజ్డ్ క్వార్ట్జ్ ముక్కను కొలువు. వేగం సెకనుకు 5960 మీటర్లు వచ్చేదాకా పన్ను పెట్టొద్దు. ఆ అంకెలు నాకు పంపు, చూస్తాను.