కొత్త డ్రైవరుకు కారు బీమా: నాన్నగారి పేరు మీద పాలసీ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మూడు నెలల క్రితమే డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చింది. ఉద్యోగానికి వెళ్లి రావడానికి సెకండ్‌హ్యాండ్ కారు ఒకటి చూసుకున్నాను కానీ ఇంకా కొనలేదు. బీమాకు ఎంతవుతుందని అడిగితే కారు ధరలో దాదాపు మూడో వంతు ప్రీమియం చెప్పారు. పాతికేళ్లుగా కారు నడుపుతున్న మా నాన్నగారు, పాలసీ తన పేరు మీద తీసుకుని నన్ను రెండో డ్రైవరుగా చేర్పిస్తే ఖర్చు బాగా తగ్గుతుందంటున్నారు. లేదంటే అవతలివారి నష్టాన్ని మాత్రమే భరించే థర్డ్ పార్టీ పాలసీతో సరిపెట్టుకోమంటున్నారు. ఏది మేలు?

జవాబు: ఈ రెండింటిలో మొదటిది చేయకూడని పని. రెండోది చేయవచ్చు కానీ, దానివల్ల మీరు ఆశించినంత మిగలకపోవచ్చు. కారు ఇంకా కొనలేదన్నారు కాబట్టి, వీటికన్నా మంచి దారి మీ చేతిలోనే ఉంది.

ముందుగా ప్రీమియం ఎందుకంత పలికిందో చూద్దాం. ప్రమాదం జరిగే అవకాశం ఎంత, జరిగితే ఎంత చెల్లించవలసి వస్తుంది అన్న రెండు అంచనాల మీదే బీమా కంపెనీ ధర కడుతుంది. లైసెన్సు వచ్చిన తొలి నెలల్లో మొదటి అంచనా ఎక్కువగా ఉంటుంది. కుర్రవయసు డ్రైవర్ల విషయంలో రెండోదీ ఎక్కువే, ఎందుకంటే రాత్రివేళ, నలుగురు స్నేహితులను ఎక్కించుకుని వెళ్తుండగా జరిగే ప్రమాదాల్లో బండికి తగిలే దెబ్బకన్నా మనుషులకు తగిలే గాయాలకు ఇవ్వవలసిన పరిహారమే పెద్దది. పైగా మీరు జాగ్రత్తగా నడిపే మనిషి అవునో కాదో చెప్పే చరిత్ర ఏదీ కంపెనీ దగ్గర లేదు. అందువల్ల మీ వంటి వారందరి సగటునే మీకూ అంటగడుతుంది.

ఈ లెక్క అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉండదు. భారతదేశంలో థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కారు ఇంజన్ సామర్థ్యాన్ని బట్టి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి అక్కడ ఆ భాగంలో డ్రైవరు వయసు ప్రసక్తే రాదు. కాలిఫోర్నియాలో 1988లో ఓటర్లు ఆమోదించిన 103వ ప్రతిపాదన ప్రకారం డ్రైవింగ్ రికార్డు, ఏడాదికి తిరిగే దూరం, డ్రైవింగ్ అనుభవం ఎన్నేళ్లన్నది, ఈ మూడింటికీ అదే వరుసలో ప్రాధాన్యం ఇవ్వాలి. మీకు చెప్పిన ధర చూస్తే, మీరున్న చోట కారుతోపాటు డ్రైవరునూ గట్టిగానే లెక్కలోకి తీసుకుంటున్నారని అర్థమవుతోంది. అలాంటి చోట కారును ప్రధానంగా నడిపేది ఎవరన్న ప్రశ్నకు మీరిచ్చే జవాబే ధరకు పునాది.

నాన్నగారి సూచనతో వచ్చే చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. రోజూ ఉద్యోగానికి కారు నడిపేది మీరు, కాగితం మీద ప్రధాన డ్రైవరు ఆయన. బ్రిటన్‌లో దీన్ని ఫ్రంటింగ్ అంటారు, మోసం కిందే పరిగణిస్తారు. పేరు ఏదైనా, ముఖ్యమైన విషయాన్ని దాచి పాలసీ తీసుకున్నారని తేలితే క్లెయిమ్‌ను తిరస్కరించే హక్కు, పాలసీనే రద్దు చేసే హక్కు కంపెనీకి ఉంటాయి. అవతలి వ్యక్తికి గాయాలైతే చట్టం ప్రకారం అతనికి పరిహారం చెల్లించి, ఆ సొమ్మును మీ కుటుంబం నుంచి రాబట్టుకునే వీలు కూడా చాలా దేశాల్లో కంపెనీలకు ఉంది. అంతటి బాకీ ఒక జీతంతో తీరేది కాదు.

ఎవరికి తెలుస్తుందిలే అనుకోవడానికి లేదు. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబంలో తండ్రి పేరు మీద పాలసీ ఉంది, కారు మాత్రం కొడుకు చేతిలో ఉండేది. చిన్న ప్రమాదం జరిగి క్లెయిమ్ పెట్టినప్పుడు, విచారణకు వచ్చిన వ్యక్తి పెద్ద ప్రశ్నలేవీ వేయలేదు. వారంలో ఐదు రోజులూ పగలు కారు ఎక్కడ ఆగి ఉంటుందని అడిగాడు. సీటు ముందుకు జరిపి ఉండటం, అద్దానికి అంటించిన పార్కింగ్ స్టిక్కరు కొడుకు పనిచేసే ఆఫీసుది కావడం రాసుకున్నాడు. క్లెయిమ్ రాలేదు సరికదా, ఆ తరువాత ప్రతి దరఖాస్తులోనూ, గతంలో మీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా అన్న గడిలో ఆ తండ్రి అవునని రాయవలసి వస్తోంది. పాతికేళ్ల మంచి పేరు ఒక్క ఏడాది ప్రీమియం తగ్గింపుకు ఖర్చయిపోయింది.

ఇంకో నష్టం కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకు దక్కే నో క్లెయిమ్ బోనస్ మామూలుగా పాలసీదారుకే చెందుతుంది. రెండో డ్రైవరుగా మూడేళ్లు జాగ్రత్తగా నడిపినా, సొంత పాలసీ తీసుకునే రోజున చాలా కంపెనీలు మిమ్మల్ని కొత్త డ్రైవరుగానే చూస్తాయి. ఇవాళ తప్పించుకున్న ఖర్చు అప్పుడు ఎదురొస్తుందన్నమాట.

దీన్నే తిప్పి చేస్తే తప్పు లేదు. పాలసీ మీ పేరు మీద తీసుకుని, ప్రధాన డ్రైవరుగా మిమ్మల్నే చూపించి, అప్పుడప్పుడు కారు నడిపే మాట నిజమైతే నాన్నగారిని అదనపు డ్రైవరుగా చేర్చండి. అనుభవం ఉన్న వ్యక్తి చేరితే కొన్ని కంపెనీలు ధర తగ్గిస్తాయి, కొన్ని తగ్గించవు. రెండు విధాలా అడిగి చూడడానికి ఖర్చేమీ లేదు.

ఇక అసలు దారి కారు ఎంపికలో ఉంది. ఒకే ధరకు దొరికే రెండు కార్లకు ప్రీమియం ఒకేలా ఉండాలని లేదు. ఇంజన్ శక్తి, విడిభాగాల ధర, మరమ్మతుకు పట్టే సమయం, దొంగతనానికి ఎంత అనువుగా ఉందన్నది కలిసి ఆ తేడాను తెస్తాయి. బ్రిటన్‌లో చాలాకాలం కార్లను 1 నుంచి 50 వరకు బీమా గ్రూపులుగా విభజిస్తూ వచ్చారు, అంకె చిన్నదైన కొద్దీ ప్రీమియం తక్కువగా ఉండేది. మీరున్న చోట అలాంటి పట్టిక లేకపోయినా, మనసులో ఉన్న నాలుగైదు మోడళ్లకు ముందే కొటేషన్లు తీసుకుని, కారు ధరతోపాటు మూడేళ్ల ప్రీమియాన్ని కూడా కలిపి పోల్చండి. పాత యజమాని వేయించిన ఖరీదైన చక్రాలు, స్పోర్ట్స్ సైలెన్సరు ఉన్న బండి చవకగా వస్తున్నా వదిలేయమనే చెబుతాను, ఎందుకంటే ఆ మార్పులన్నీ కంపెనీకి చెప్పి తీరాలి, చెబితే ధర పెరుగుతుంది.

థర్డ్ పార్టీ పాలసీ విషయానికొస్తే, అది అవతలివారికి జరిగిన నష్టాన్ని మాత్రమే భరిస్తుంది, మీ కారు మీ ఖర్చే. ధరలో పెద్ద భాగం అవతలివారి గాయాల పరిహారం కోసమే కాబట్టి, డ్రైవరును చూసి ధర కట్టే చోట ఈ పాలసీ కొత్తవారికి అంత చవకగా రాదు. పైగా ఎక్కువ ప్రమాదాలు చేసేవారు దీని వైపే మొగ్గడంతో బ్రిటన్ వంటి చోట్ల ఒక్కోసారి సొంత కారు నష్టాన్ని కూడా భరించే సమగ్ర పాలసీకన్నా ఇదే ఎక్కువ పలుకుతుంది. రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూడనిదే దీనికి ఒప్పుకోకండి. కారు పోయినా మీ పొదుపుతో వెంటనే మరొకటి కొనుక్కోగలిగితేనే థర్డ్ పార్టీతో ఆగడం సబబు.

బ్లాక్ బాక్స్ పాలసీ దొరికితే మీకు బాగా సరిపోతుంది. కారులో అమర్చే పరికరం గానీ, ఫోనులోని యాప్ గానీ వేగం, బ్రేకు వేసే తీరు, మలుపుల్లో నడిపే తీరు, ఏ వేళప్పుడు నడుపుతున్నారన్నది నమోదు చేస్తుంది, వాటిని బట్టి కంపెనీ మీకు మార్కులు వేస్తుంది. మీకు లేని చరిత్రను కొద్ది నెలల్లోనే తయారుచేసి పెట్టే సాధనం ఇది. అయితే రాత్రి షిఫ్టులో పనిచేసేవారికి ఇది ఎదురుతిరగవచ్చు, కొన్ని పాలసీల్లో అర్ధరాత్రి ప్రయాణాలకు మార్కులు తగ్గిస్తారు. మీ ఉద్యోగ వేళలు చూసుకుని నిర్ణయించుకోండి.

ప్రతి క్లెయిమ్‌లోనూ తొలుత మన జేబులోంచి పెట్టుకోవలసిన మొత్తాన్ని డిడక్టబుల్ అంటారు, కొన్ని దేశాల్లో దీనికే ఎక్సెస్ అని పేరు. దీన్ని పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది. కానీ 300 అదనంగా భరించడానికి ఒప్పుకుంటే ఏడాదికి 60 తగ్గిందనుకోండి, ఐదేళ్లపాటు క్లెయిమ్ లేకపోతేనే లెక్క సరిపోతుంది. కొత్త డ్రైవరు కట్టగూడని పందెం ఇది. కంపెనీ తప్పనిసరిగా పెట్టిన మొత్తాన్నీ, మీరుగా ఒప్పుకున్న మొత్తాన్నీ కలిపి, అంత డబ్బు ఇప్పుడు మీ పొదుపు ఖాతాలో ఉంటేనే ముందుకెళ్లండి.

చివరగా వాయిదాల సంగతి. ఏ కరెన్సీ అయినా లెక్క ఒకటే: ఏడాది ప్రీమియం 1,200 అనుకుందాం, నెలవారీ అయితే 110 చొప్పున 12 సార్లు కట్టమంటారు. చూడడానికి 10 శాతమే ఎక్కువ. కానీ మొదటి వాయిదా అప్పటికప్పుడే కడతారు, మిగిలిన అప్పు నెలనెలా కరిగిపోతూ ఉంటుంది కాబట్టి, నిజంగా పడే వడ్డీ ఏడాదికి 21 శాతం దాటుతుంది. ఇంట్లో చేబదులు దొరికే అవకాశం ఉంటే నాన్నగారు సాయం చేయవలసింది ఇక్కడ: ఏడాది ప్రీమియం ఆయన ఒకేసారి కట్టేస్తే, మీరు ఆయనకు నెలకు 100 చొప్పున తిరిగి ఇవ్వండి. పాలసీ మొదలయ్యే రోజుకు మూడు వారాల ముందే కొటేషన్లు అడగండి, రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు కూడా పాత కంపెనీ చెప్పిన ధరకే తలూపకుండా మళ్లీ నాలుగు చోట్ల విచారించండి.