టెక్ సందేహాలు: పది మీటర్ల దూరానికి ఎలాంటి స్కోప్ కొనాలి?

సాధారణంగా ఈ శీర్షికకు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించిన ప్రశ్నలే వస్తుంటాయి. ఈసారి మాత్రం రైఫిల్ స్కోపుల గురించి మూడు ప్రశ్నలు ఒకేసారి రావడంతో వాటికే చోటిచ్చాను.

మొదటి ప్రశ్న గోదావరి జిల్లాల పాఠకుడిది. "నా దగ్గర 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది. పెరట్లో 10 మీటర్ల దూరాన కాగితపు టార్గెట్ పెట్టి కాలుస్తుంటాను. యాభై దాటాక గురి చూసే వెనుక సైటు, ముందు సైటు, టార్గెట్ మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడడం మానేశాయి. ఆరు వేల రూపాయలలోపు స్కోప్ కొందామంటే, దాదాపు ఒకే ధరకు రెండు కనబడుతున్నాయి. ఒకటి 6-24 × 50, పారలాక్స్ 100 గజాలకు స్థిరమని రాశారు. రెండోది 3-9 × 40 ఏఓ, 10 గజాల నుంచి సర్దుకోవచ్చని రాశారు. పెద్దది తీసుకోవడమే లాభం కదా?"

కాదండీ, రెండోదే తీసుకోండి. తక్కువ దూరమంటే స్కోపుకు తేలిక పని అని చాలామంది అనుకుంటారు కానీ, చౌక స్కోపులకు అసలు ఇబ్బంది దగ్గర దూరాల్లోనే వస్తుంది. ముందుగా ఆ అంకెల సంగతి చూద్దాం. 3-9 × 40 అంటే బొమ్మను మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల వరకు పెద్దది చేసి చూపుతుందని, ముందున్న లెన్స్ వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. లెన్స్ వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే మీ కంటికి చేరే వెలుగు వృత్తం ఎంతో తెలుస్తుంది. తొమ్మిది రెట్ల దగ్గర అది దాదాపు 4.4 మిల్లీమీటర్లు, నాలుగు రెట్ల దగ్గర 10 మిల్లీమీటర్లు. అదే 50 మిల్లీమీటర్ల స్కోపును 24 రెట్లకు తిప్పితే రెండు మిల్లీమీటర్లకు పడిపోతుంది. కన్ను వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ సన్నని వృత్తం తప్పిపోయి బొమ్మ నల్లబడుతుంది. దానికి తోడు మీ చేతి వణుకు కూడా 24 రెట్లు పెద్దదై కనబడుతుంది. పది మీటర్లలో పెల్లెట్ రంధ్రాన్ని చూడడానికి ఆరు నుంచి తొమ్మిది రెట్లు ధారాళంగా సరిపోతాయి.

అయితే, ఆ పెద్ద స్కోపును వద్దనడానికి ముఖ్య కారణం రెట్లు కాదు, పారలాక్స్. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మీటరు ముల్లు కింద ఒక అద్దం ముక్క ఉండేది గుర్తుందా? ముల్లు, అద్దంలో దాని ప్రతిబింబం ఒకదానిపై ఒకటి కలిసిపోయేలా తల నిలిపి రీడింగు తీసుకోమనేవారు, ఎందుకంటే పక్క నుంచి చూస్తే ముల్లు వేరే గీత మీద ఉన్నట్టు కనబడుతుంది. స్కోపులోనూ జరిగేది అదే. టార్గెట్ బొమ్మ, క్రాస్ హెయిర్ (స్కోపులో గురి చూసే అడ్డుగీతలు) ఒకే తలంలో పడితే కన్ను కాస్త జరిగినా నష్టం లేదు. 100 గజాలకు స్థిరపరచిన స్కోపుతో 10 మీటర్ల టార్గెట్‌ను చూస్తే ఆ రెండు తలాలు వేరైపోతాయి కనుక, కన్ను జరిగినప్పుడల్లా క్రాస్ హెయిర్ టార్గెట్ మీద జారుతుంది.

ఎంత జారుతుందో లెక్క కట్టవచ్చు. లెన్స్ వ్యాసార్ధాన్ని తీసుకుని, స్కోప్ స్థిరపడిన దూరానికీ మీ దూరానికీ ఉన్న తేడాతో గుణించి, స్థిరపడిన దూరంతో భాగించాలి. 40 మిల్లీమీటర్ల లెన్స్, 100 గజాల స్థిరత్వం, 10 మీటర్ల టార్గెట్ అనుకుంటే దాదాపు 18 మిల్లీమీటర్లు వస్తుంది. కన్ను లెన్స్ అంచు దాకా జరిగినప్పుడు రాగల గరిష్ఠ దోషం ఇది, 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు మరింత పెరుగుతుంది. అంతర్జాతీయ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మొత్తం వ్యాసం 45.5 మిల్లీమీటర్లు, అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, ఒక వలయానికీ మరో వలయానికీ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు. అంటే ట్రిగ్గర్ ఎంత చక్కగా నొక్కినా, చెంప ఆన్చడంలో తేడా వస్తే ఏడు వలయాల దాకా తప్పే అవకాశాన్ని 40 మిల్లీమీటర్ల స్కోపే తనతో తెచ్చిపెడుతుంది.

ఏఓ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్) అని రాసి ఉండే స్కోపులో ముందు లెన్స్ చుట్టూ తిరిగే రింగు ఉంటుంది. దాన్ని తిప్పి పారలాక్స్‌ను మీ దూరానికి సర్దుకోవచ్చు. రింగు మీద అతి చిన్న అంకె ఎంతో కొనేముందు ఫోటోలో పెద్దది చేసి చూడండి. ఏఓ అన్న పేరున్న ప్రతిదీ 10 గజాల దాకా దిగదు. 10 గజాలంటే 9.14 మీటర్లు కనుక మీ పెరటికి అది సరిపోతుంది. రింగు మీద అచ్చువేసిన అంకెలను మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. ముందుగా తెల్లగోడ వైపు చూస్తూ కంటి దగ్గరి లెన్స్‌ను క్రాస్ హెయిర్ నల్లగా, పదునుగా కనబడేదాకా తిప్పండి. ఒక్కో విడతలో రెండు మూడు క్షణాలకు మించి చూడవద్దు, ఎందుకంటే కన్ను మసకకు సర్దుకుపోయి మిమ్మల్ని మోసగిస్తుంది. తరువాత ఖాళీ రైఫిల్‌ను ఇసుక సంచి మీద కదలకుండా ఆన్చి, దాన్ని ముట్టుకోకుండా, తలను మాత్రమే అవునన్నట్టు పైకీ కిందకీ, కాదన్నట్టు పక్కలకీ కొంచెం ఊపుతూ చూడండి. క్రాస్ హెయిర్ టార్గెట్ మీద పాకుతున్నంతసేపూ రింగును వెంట్రుకంత వెంట్రుకంత తిప్పండి. అతికించినట్టు నిలిచిపోయిన చోట తెల్ల పెయింటుతో ఒక చుక్క పెట్టుకోండి. నా రింగు మీద ఆ చుక్క 10కీ 15కీ మధ్య ఉంది.

స్ప్రింగ్ రైఫిల్ కనుక ఇంకో జాగ్రత్త అవసరం. తుపాకిమందు రైఫిల్ పేలితే వెనక్కి తన్నుతుంది, చాలా స్కోపులను ఆ ఒక్క దిశను దృష్టిలో పెట్టుకునే తయారుచేస్తారు. స్ప్రింగ్ రైఫిల్‌లో మొదట బరువైన పిస్టన్ ముందుకు దూకడంతో రైఫిల్ వెనక్కి జరుగుతుంది. మరుక్షణంలో ఆ పిస్టన్ గాలి దిండుకు కొట్టుకుని ఆగడంతో ముందుకు కుదుపు వస్తుంది. ఈ రెండో కుదుపు లోపలి లెన్సులను వదులు చేస్తుంది. ఖరీదైన స్కోప్ కూడా దీనికి లొంగిపోవచ్చు కనుక ధరను చూసి నిశ్చింత పడకూడదు. వివరాల్లో స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు తగినదని స్పష్టంగా రాసి ఉండాలి, వారంటీ కూడా ఆ వాడకానికి వర్తించాలి. నా మొదటి స్కోప్ ఏ కంపెనీదో చెప్పను గానీ, మూడో పెల్లెట్ డబ్బా సగమయ్యేసరికి దాని క్రాస్ హెయిర్ గడియారంలో అయిదు నిమిషాలంత పక్కకు ఒరిగిపోయింది. అప్పటిదాకా తప్పంతా నా చేతిదే అనుకుంటూ ఉన్నాను.

బడ్జెట్‌లో వెయ్యి రూపాయలైనా మౌంటుకు, అంటే స్కోపును రైఫిల్‌కు బిగించే పట్టుకు, విడిగా ఉంచుకోండి. స్కోప్ పెట్టెలో ఉచితంగా వచ్చే రెండు పల్చని రింగులు స్ప్రింగ్ రైఫిల్ మీద మెల్లగా వెనక్కి జారిపోతాయి. ఎయిర్ రైఫిళ్లకు ఎక్కువగా 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి ఉంటుంది, అడ్డంగా చీలికలున్న వెడల్పాటి పికాటిన్నీ రైలు వేరు. ఒకదాని మౌంటు రెండోదానికి పట్టదు కనుక ముందే కొలుచుకోండి. మీకు కావలసింది ఒకే ముక్కగా ఉండి, కింద స్టాప్ పిన్ను ఉన్న డవ్‌టెయిల్ మౌంటు. రైఫిల్ మీద ఆ పిన్ను దిగే రంధ్రం ఉందో లేదో చూసుకోవాలి. స్కోప్ గొట్టం 25.4 మిల్లీమీటర్లదైతే అంగుళం రింగులు, 30 మిల్లీమీటర్లదైతే ఆ కొలతవే కావాలి. మరలను ఒక వైపే బిగించేయకుండా మంచం నులక లాగినట్టు అటూ ఇటూ కొద్దికొద్దిగా బిగించండి. అతిగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపలి భాగాలు ఇరుక్కుంటాయి.

ఇక జీరో చేయడం, అంటే గురి పెట్టిన చోటే గుండు తగిలేలా స్కోపును సర్దడం. టరెట్ (స్కోప్ మీద క్లిక్కులతో తిరిగే మర) మీద 100 గజాలకు పావు అంగుళం అని రాసి ఉంటే, 10 మీటర్ల దగ్గర ఒక్క క్లిక్‌కు గుండు స్థానం దాదాపు 0.7 మిల్లీమీటరే మారుతుంది. రెండు మూడు క్లిక్కులు తిప్పి మార్పు రాలేదని స్కోపును తిట్టుకునేవారు దీన్ని మరచిపోతారు. అయిదు పెల్లెట్లు కాల్చి, ఆ గుంపు మధ్యస్థానం నడిబొడ్డుకు 21 మిల్లీమీటర్లు కిందకీ, 8 మిల్లీమీటర్లు ఎడమకీ ఉందనుకుందాం. అప్పుడు పైకి 30 క్లిక్కులు, కుడికి పదకొండో పన్నెండో తిప్పి, మళ్లీ అయిదు కాల్చి చూడాలి. ఒక్కో పెల్లెట్‌కూ ఒక్కో సవరణ చేస్తే తోక పట్టుకోబోయే కుక్కపిల్లలా చుట్టూ తిరుగుతూ ఉంటారు.

పైకి తిప్పే క్లిక్కులు అయిపోయినా గుండు కిందే పడుతోందంటే స్కోప్ చెడిపోయిందని అనుకోవద్దు. బ్యారెల్‌ను మడిచి గాలి ఎక్కించే రైఫిళ్లలో బ్యారెల్ కొద్దిగా కిందకి చూస్తూ ఉండడం మామూలే. పైగా స్కోప్ బ్యారెల్‌కు నాలుగైదు సెంటీమీటర్లు పైన కూర్చుంటుంది, ఆ ఎత్తును పది మీటర్లలోనే పూడ్చాలి. దీనికోసమే వెనుక వైపు కొంచెం ఎత్తుగా చేసిన మౌంట్లు దొరుకుతాయి. అదే ఎత్తు వల్ల 10 మీటర్లకు జీరో చేసిన రైఫిల్‌తో 5 మీటర్ల దగ్గర కాలిస్తే గుండు దాదాపు రెండు సెంటీమీటర్లు కిందకి తగులుతుంది. పిల్లలు టార్గెట్‌ను దగ్గరికి జరిపి పెట్టిన రోజున కంగారు పడకండి.

ఇంత చేసినా గుంపు చెదురుతుంటే, రైఫిల్‌ను గట్టి బల్ల మీద నేరుగా ఆన్చుతున్నారేమో చూసుకోండి. స్ప్రింగ్ రైఫిల్‌ను అరచేతిలో వదులుగా పట్టుకుంటేనే అది ప్రతిసారీ ఒకేలా కుదుపుతుంది. ఇక మీరు అడగకపోయినా ఒక మాట. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు గానీ, దాని పెల్లెట్ వంద మీటర్లు దాటి పోగలదు. టార్గెట్ వెనుక ఇసుక నింపిన పెట్టె, కంటికి అద్దాలు తప్పనిసరి. స్కోపును బైనాక్యులర్‌లా వాడి పక్కింటి మేడను చూడకండి, ఎందుకంటే కన్ను తిరిగిన వైపే బ్యారెల్ కూడా తిరుగుతుంది.

రెండో ప్రశ్న టెక్సస్‌లో ఉంటున్న పాఠకుడిది: "నా దగ్గర రూగర్ 10/22 అనే పాయింట్ 22 రైఫిల్ ఉంది. ఇండోర్ రేంజిలో 25 గజాలకు, వారాంతాల్లో బయట 50 గజాలకు కాలుస్తాను. ఎయిర్ రైఫిల్ స్కోపే కొనాలా?"

అవసరం లేదు. పాయింట్ 22 తూటాకు కుదుపు బహు తక్కువ, అదీ ఒకే దిశలో ఉంటుంది. ఇలాంటి చిన్న తూటాల రైఫిళ్ల కోసం రిమ్‌ఫైర్ స్కోపులని విడిగా అమ్మేవాటిలో పారలాక్స్‌ను సాధారణంగా 50 గజాలకు స్థిరపరుస్తారు. 32 మిల్లీమీటర్ల లెన్సున్న అలాంటి స్కోప్‌తో 25 గజాల దగ్గర గరిష్ఠ దోషం 8 మిల్లీమీటర్లే, 50 గజాల దగ్గర ఏమీ ఉండదు. చెంపను ప్రతిసారీ ఒకే చోట ఆన్చడం అలవాటైతే ఆ ఎనిమిదీ కూడా రాదు. కనుక 2-7 × 32 రిమ్‌ఫైర్ స్కోప్ మీకు చాలు. పెద్ద రైఫిళ్ల కోసం 100 గజాలకు స్థిరపరచినది తగ్గింపు ధరకు వస్తోందని ఆశపడవద్దు. 10/22 కార్బైన్ పెట్టెలో స్కోప్ బేస్ అడాప్టర్ వస్తుంది, ముందు దాన్ని వెతకండి, విడిగా రైలు కొనే ఖర్చు తప్పుతుంది. వెలిగే రెటికిల్ (క్రాస్ హెయిర్) గురించి కూడా అడిగారు. దీపాల వెలుగులో తెల్ల కాగితం మీద నల్ల గీత బాగానే కనబడుతుంది, ఆ డబ్బుతో తూటాలు కొనుక్కోండి.

మూడో ప్రశ్న హైదరాబాద్ నుంచి ఒక తల్లిది: "మా అమ్మాయి పన్నెండేళ్లది, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ శిక్షణలో చేరింది. పుట్టినరోజుకు మంచి స్కోప్ కొనిద్దామనుకుంటున్నాం."

కొనకండి. ఒలింపిక్ పద్ధతి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్ స్కోపులను అనుమతించరు. వెనుక సన్నని రంధ్రమున్న పీప్ సైటు, ముందు వలయం మాత్రమే ఉంటాయి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినా, 2012లో లండన్‌లో మీ నగరంలోనే పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచినా ఆ రంధ్రం గుండా చూసే గెలిచారు. స్కోప్‌తో సాధన చేస్తే కన్నూ చెంపా వేరే చోటికి అలవాటు పడతాయి, మళ్లీ పీప్ సైటుకు మారేటప్పుడు కోచ్‌కు చేతినిండా పని పెట్టినవారవుతారు. పుట్టినరోజు కానుకగా ఏదైనా ఇవ్వాలనుకుంటే, కోచ్‌ను అడిగి ఆమె కొలతకు సరిపడే షూటింగ్ గ్లవ్, రెండు డబ్బాల మ్యాచ్ పెల్లెట్లు కొనండి. జాకెట్ మాత్రం ఇప్పుడే వద్దు, ఆ వయసు పిల్లలకు ఏడాది తిరిగేసరికి బిగుతైపోతుంది.