ఏఫా అంటే ఎన్ని కిలోలు? కిలోల కంటే ముందు చూడవలసినది

బైబిల్లోని ఏఫా, ఓమెరు నేటి లెక్కలో ఎన్ని కిలోలు అవుతాయని మీరు అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా మా సంఘంలో ఆదివారపు బడి పిల్లలకు పాఠం చెబుతున్నాను కనుక ఈ లెక్కతో నాకు బాగా పరిచయం ఉంది. ఏఫా సుమారు 22 లీటర్లు, ఓమెరు అందులో పదో వంతు, అంటే రెండు లీటర్ల పైచిలుకు. ఇవి గింజలను, పిండిని కొలిచే పాత్రల పేర్లే తప్ప తూకాలు కావు. అందువల్ల ఏ ధాన్యమో చెప్పకుండా కిలోలు చెప్పడం కుదరదు. ఏఫాడు గోధుమలు 17 కిలోల దాకా తూగితే, పొట్టుతో ఉన్న యవలు 14 కిలోలకు మించవు. ఇంటర్నెట్‌లో కనిపించే పట్టికలు ధాన్యం పేరు చెప్పకుండానే దశాంశ స్థానాలతో సహా కిలోలు చూపిస్తాయి. ఆ పట్టికలను నమ్మవద్దని నా మనవి.

అసలు నేను చెప్పదలచుకున్నది లీటర్ల గురించి కాదు, మన తెలుగు అనువాదంలోని కొలతల గురించి. ఒకసారి అబ్రాహాము ఇంటికి ముగ్గురు అతిథులు వచ్చిన కథ చెబుతూ, శారా మూడు మానికల మెత్తని పిండితో రొట్టెలు చేసిందని చదివాను. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన ఏడో తరగతి అమ్మాయి లేచి, "మాస్టారూ, ముగ్గురు మనుషులకు మూడు మానికలు మామూలేగా, ఇందులో గొప్పేముంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి చూస్తే, హీబ్రూలో ఉన్నది మూడు సెయాలు అని, మూడు సెయాలు కలిస్తే నిండు ఏఫా అని తెలిసింది.

తరువాతి ఆదివారం ఒక పెద్ద గుండిగ, లీటరు చెంబు, రెండు సంచుల గోధుమపిండి తీసుకువెళ్లాను. పిల్లలు చుట్టూ కూర్చుని లెక్కపెడుతుండగా ఒక్కొక్క చెంబూ గుండిగలో పోశాను. మూడో చెంబు దగ్గర ఆగి, మన అనువాదం చదివినవారి ఊహ సుమారు ఇక్కడితో ఆగిపోతుందని చెప్పి, మళ్లీ పోయడం మొదలుపెట్టాను. పదిహేను దాటేసరికి పిల్లల గొంతులు తగ్గిపోయాయి. ఇరవై రెండో చెంబు పోసి తూకం వేస్తే 12 కిలోల పైచిలుకు వచ్చింది. ఆ అమ్మాయి గుండిగలోకి తొంగిచూసి, "మా ఇంట్లో నెలకు కూడా ఇంత పిండి ఖర్చవదు మాస్టారూ" అంది. ముసలి దంపతులు ముగ్గురు బాటసారులకు చేసిన మర్యాద ఎంతటిదో ఆ రోజు వాళ్లకు కళ్లారా కనిపించింది.

తప్పు ఎక్కడ జరిగిందో గమనించండి. బైబిల్లోని రూతు పొలంలో సాయంత్రం వరకు ఏరి దుళ్లగొట్టిన ఏఫాడు యవలను మన అనువాదకులు తూమెడు అన్నారు, సెయాను మానిక అన్నారు. ఏఫాకు సెయాలు మూడే. మన లెక్కలో కుంచానికి నాలుగు మానికలు, తూముకు నాలుగు కుంచాలు, అంటే తూముకు పదహారు మానికలు. విడివిడిగా ఆ మాటలు చక్కనివే గాని, పక్కపక్కన పెడితే నిష్పత్తి చెడిపోతుంది. అదే యెహెజ్కేలు గ్రంథంలో హోమెరు అనే పెద్ద కొలతకు పందుము అనే మాట వాడటం ఎంతో గొప్ప ఎంపిక అని నా అభిప్రాయం, ఎందుకంటే హోమెరుకు పది ఏఫాలు, పందుముకు పది తూములు సరిగ్గా సరిపోయాయి. ఆ శ్రద్ధ మానిక దగ్గర కూడా చూపి ఉండవలసింది. హోమెరు, ఓమెరు అనే రెండు పేర్లను కలిపేసుకునేవారు కూడా ఉన్నారు. ఆ రెంటి మధ్య నూరు రెట్ల తేడా ఉంది.

ఇక 22 లీటర్లనే అంకె కూడా శిలాశాసనం కాదు. ఏఫా, ద్రవాలను కొలిచే బత్ ఒకే పరిమాణమని యెహెజ్కేలు 45వ అధ్యాయం చెబుతుంది. బత్ అనే మాట చెక్కిన కుండపెంకులు లాకీషు, టెల్ బేత్ మిర్సిం అనే ప్రాచీన యూదా స్థలాల తవ్వకాలలో దొరికాయి, వాటి ఆధారంగా కుండ పరిమాణాన్ని ఊహించి 22 లీటర్లు అన్నారు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు బత్‌కు చెప్పిన 72 సెక్స్టారియసుల (అర లీటరు పైచిలుకు ఉండే రోమన్ కొలత) లెక్క పట్టుకుంటే అది 39 లీటర్ల దాకా పోతుంది. యూదు పండితులు ఏఫాను 432 కోడిగుడ్ల పరిమాణంగా లెక్కించారు. గుడ్డు పరిమాణం 57.6 మిల్లీలీటర్లని ఒకరు, సుమారు 100 అని మరొకరు తీర్మానించడంతో ఏఫా 25 లీటర్ల దగ్గర ఒకసారి, 43 లీటర్ల దగ్గర ఒకసారి నిలిచింది. మా తాతగారి ఊరి కుంచానికీ అమ్మమ్మగారి ఊరి కుంచానికీ తేడా ఉండటం చూసి పెరిగినవాడిని కనుక ఇది నాకు వింతగా అనిపించలేదు.

కాబట్టి పాఠం చెప్పేటప్పుడు ముందు హోమెరుకు పది ఏఫాలు, ఏఫాకు మూడు సెయాలు లేదా పది ఓమెరులు, సెయాకు ఆరు కబ్‌లు (కబ్ అంతకంటే చిన్న కొలత) అనే వరుస నేర్పండి. హోమెరు విత్తనాలకు ఏఫాడే పంట వస్తుందని యెషయా హెచ్చరించిన చోట, ఏఫా 22 లీటర్లైనా 43 లీటర్లైనా, చల్లిన గింజల్లో పదో వంతే తిరిగి వచ్చిందన్న బాధ రైతుబిడ్డలకు వెంటనే అర్థమవుతుంది. లీటర్లు ఆ తరువాత చెప్పండి, వీలైతే చెంబుతో పోసి చూపించండి.